ఉడుముగారి నీటి పొదుపు

ఒక అడవిలో ఉడుముగారికి పెద్ద ఇప్పచెట్టు ఉండేది. దాని తొర్రలన్నీ అద్దెకిచ్చుకున్నారు. పైతొర్రలో నిలిచిన వాన నీళ్లే అందరికీ ఆధారం. ఎండలు ముదిరేసరికి ఆ నీళ్లు గబగబా తగ్గిపోసాగాయి. ఉడుముగారికి నిద్ర కరువైంది.

"ఏమ్మా గోరింకా, పిల్లలకి రోజూ స్నానాలా? పెళ్లికేమైనా వెళ్తున్నారా?" అన్నారు.

"సరే బాబాయిగారూ, ఇకమీద ముక్కులే తడుపుకుంటాం," అంది గోరింక.

అయినా నీళ్లు తగ్గాయి. దొంగని పట్టుకోవాలని ఆయన పూటపూటా చెట్టుకి గోళ్లు దింపుతూ పైతొర్ర దాకా ఎక్కి చూసి వచ్చేవారు.

"మీ గోళ్లకే తొర్ర చీలింది. అక్కణ్ణించే కారుతోంది. కూలికింద గుప్పెడు చీమలు పెట్టించండి, బంక పూసి మూసేస్తాను," అంది వడ్రంగిపిట్ట.

"మరమ్మతని చెప్పి నన్ను దోచుకుందామనా?" అన్నారు ఉడుముగారు. మర్నాటి నుంచి తాగే నీళ్లకి కూడా వంతులు పెట్టారు.

గోరింక పిల్లలు దాహంతో సొమ్మసిల్లాయి. ఆ సాయంత్రమే గోరింక, వడ్రంగిపిట్ట, మిగతా అందరూ చెట్టు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

"హమ్మయ్య, ఇక నీళ్లు వాడేవాళ్లే లేరు. ఇదీ పొదుపంటే," అనుకున్నారు ఉడుముగారు. ఆ సంతోషంలో గొంతు తడుపుకుందామని పైకెక్కి, ఎండిపోయిన తొర్రలోకి నాలుక చాపారు.