సీతమ్మవారి గుడి

“కౌశికి అంటే మీరేనాండీ మామ్మగారూ?”

పనసపొట్టు కొడుతున్న సూర్యకుమారి చేతిలో కత్తి ఆగిపోయింది. అరవై ఏళ్ళుగా ఎవరూ పలకని తన కలం పేరది. చప్పున వెనక్కి తిరిగి చూసింది. వసారాలో పడక కుర్చీలో భర్త రామ్మూర్తిగారు కళ్ళు మూసుకునే ఉన్నారు.

“మెల్లిగా అమ్మా! ఆయన లేస్తారు. ఎవరు చెప్పేరు నీకు?”

“నా పేరు బిందు అండి. అమలాపురం కాలేజీలో పాఠాలు చెబుతాను. మన కోనసీమ తొలితరం నవలా రచయిత్రుల మీద పుస్తకం రాస్తున్నానండి. కౌశికి ఎవరో తెలిస్తే చెప్పమని పేపర్లో వేయించేను. ముక్తేశ్వరంలో ఈ ఇల్లని ఎవరో ఫోన్ చేసేరండి.”

ఎవరా పాపిష్టి మనిషి? సూర్యకుమారి కత్తి కింద పడేసింది.

“నేను కాదు. వెళ్ళిపో.”

“ఎంత బాగుంటుందండీ అప్పట్లో వారపత్రికలో కౌశికి రాసిన ఆ సీరియల్! పెళ్ళాం రాసిన కథల్ని పొయ్యిలో పెట్టే ఆ మొగుడు...”

ఆవిడ బిందు నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది.

“నీకు పుణ్యం ఉంటుంది! ఆ మొగుడెవరో ఈయనకి తెలిసిందంటే ఈ వయసులో నన్ను ఇంట్లోంచి గెంటేస్తారు. సీతమ్మవారి గుడి దగ్గర ఆటోలుంటాయి, వెళ్ళిపో తల్లీ.”

ఎనభై నాలుగేళ్ళ మనిషి చిన్నపిల్లలా వణికిపోతోంది. బిందుకీ భయం వేసింది. గబగబా చెప్పులు వేసుకుంది.

“ఎవరే అది?” రామ్మూర్తిగారి గొంతు ఖంగుమంది.

“ఓట్ల జాబితా వాళ్ళండి. వెళ్ళిపోతున్నారు.”

“ఆగమ్మా.”

ఆయన చేతికర్ర పుచ్చుకుని లేచారు. ఆ కర్ర చూసి సూర్యకుమారి గోడకి అతుక్కుపోయింది.

“కౌశికి సీరియల్లో రామాలయం అన్న మాటే ఉండదు. ఎక్కడ చూసినా సీతమ్మవారి గుడే. గమనించేవా అమ్మాయీ?”

“ఆయ్, గమనించేనండి. ఎందుకో మాత్రం తెలియలేదు.”

“రాముడంటే రామ్మూర్తి పేరు పలికినట్టేనని ఈవిడ పట్టుదల. మొగుడి పేరు నోటెంట రానివ్వదు, కలం వెంటా రానివ్వలేదు. రెండో వారానికే పోల్చేసేను. నీకు ఫోన్ చేసింది కూడా నేనే.”

ఆయన కర్ర పక్కన పడేసి అరుగు మీద కూలబడ్డారు. భార్య ముఖంలోకి చూడలేక బిందు వైపు తిరిగారు.

“ఆఖరి భాగం పడ్డ పత్రిక నాకు కనబడకుండా దాచేసింది. అడగడానికి ఇన్నేళ్ళూ భయమేసింది. నువ్వు చదివేవు కదా, చెప్పు తల్లీ... ఆ మొగుణ్ణి ఆవిడ క్షమించిందా?”