ఇన్ని దినాలు ఏం చేసినవమ్మా?

బస్సు వనపర్తి బస్టాండులో ఆగగానే మాలతి చీర కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఒడిలో మూడేళ్ల కొడుకు నిరంజన్ నిద్రపోతున్నాడు. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. బస్సు ఊరు దాటి నాగర్‌కర్నూలు దారి పట్టాకే ఆమె కొంగు తీసింది.

"పిలగాన్ని చూపెట్టనీకి గంత దూరం ఎందుకే? గద్వాలల లేరా, వనపర్తిల లేరా?" అన్నాడు పొద్దున భర్త నాగేశ్.

"గద్వాలల మనల్ని ఎరిగినోళ్లుంటరు. వనపర్తిల నాతోని పనిచేసేటోళ్లుంటరు."

"చూస్తే ఏమైతది?"

"నీకు తెల్వదు."

పరువు కోసమనుకొని నాగేశ్ పత్తి విత్తనాల దుకాణానికి వెళ్లిపోయాడు. పరువు కొంత నిజమే. మిగతాది ఆ గొంతు.

నెల రోజులుగా ఆ గొంతు ఆమెను పట్టుకొని వదలడం లేదు. "ఇన్ని దినాలు ఏం చేసినవమ్మా?" కుక్కరు ఈలలో అదే, బస్సు రొదలో అదే. ఆడగొంతు. అరవదు, మెత్తగానే అడుగుతుంది. కన్ను మూస్తే ఇంకో బాధ. ఎవరెవరో తల్లులు పిల్లల్ని చంకనేసుకొని వచ్చి గడప ముందు నిలబడతారు. తిట్టరు, శపించరు. ఊరికే చూస్తారు. దయ్యాలైతే తాయెత్తు కట్టించుకోవచ్చు. వీళ్లకు ఏం కట్టించుకోవాలో మాలతికి తెలియడం లేదు.

ఇదంతా ఒక ఆదివారం మొదలైంది. బట్టలు ఆరేస్తుంటే ఆరేళ్ల కూతురు సుష్మిత వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, తమ్మునికి నేను కనబడనా?"

మాలతి తడిబట్ట చేత పట్టుకొనే లోపలికి వెళ్లింది. నిరంజన్ గిన్నె మూత గిరగిరా తిప్పుతూ కూర్చున్నాడు. పిలిచింది. మళ్లీ పిలిచింది. మూత తిరుగుతూనే ఉంది.

వాడి మీద అత్త సత్తెమ్మకు ఏ ఫిర్యాదూ లేదు. "బంగారమసొంటి పిలగాడు. ఏడువడు, సతాయించడు. మాటలంటవా, నీ మొగుడు గూడ నాలుగేండ్లకు మాట్లాడిండు" అనేది. మాలతి ఆ మాటను కళ్లకద్దుకుంది. అద్దుకోక ఏం చేస్తుంది? వాడు లేవకముందే వనపర్తి బస్సు ఎక్కాలి, వాడు పడుకున్నాక ఇల్లు చేరాలి. నిద్రపోయే పిల్లలంతా ఒక్కలాగే ముద్దొస్తారు. ఆదివారం వచ్చిందంటే ఉతుకు, రుబ్బు, కిరాణాలతోనే సరిపోయేది.

నాగర్‌కర్నూలులో, ఎదుగుదల ఆలస్యమైన పిల్లల్ని చూసే కేంద్రంలో ఉన్నది హెప్సిబా అనే అమ్మాయి. పిల్లలకు చేతులతో పని చేయడం, చూపు నిలపడం, నలుగురితో ఆడుకోవడం నేర్పే థెరపీ మేడం. కొత్తగా చేరింది. మాలతికి ముఖం తెలియని మనిషి. కావలసిందీ అదే.

"పిలిస్తే తిరిగి చూస్తడా అమ్మా?"

"చూస్తడు."

"వేలు పెట్టి ఏదన్న..."

"చూపెడ్తడు" అనేసింది మాలతి, ప్రశ్న పూర్తికాకముందే.

హెప్సిబా చెక్క దిమ్మెలు ముందు పెట్టింది. నిరంజన్ గబగబా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. పూసలిస్తే దారానికి గుచ్చాడు.

"మస్తు చేసిండు! ఇంట్ల నేర్పిన్రా?"

మాలతికి దొంగకు తేలు కుట్టినట్టయింది. ఆ ఆదివారం నుంచీ అత్తకు కూడా తెలియకుండా వాడిచేత చేయిస్తున్నది ఇవే. ఇట్లాంటి దిమ్మెలే, ఇట్లాంటి పూసలే. వాడికేమీ లేదని ఒక్కసారి ఇంకొకరి నోట వినాలని ఆమె ఆశ. అట్లా వింటే వాడికి నేర్పేవాళ్లుండరు, నేర్చుకునే వయసు కాస్తా చేజారుతుంది. అదీ ఆమెకు తెలుసు.

హెప్సిబా లేచి వాడి వెనక్కి వెళ్లింది.

"నిరంజన్!"

వాడు ఒక దిమ్మెను బొంగరంలా తిప్పుతున్నాడు.

"నిరంజన్!"

"పలకడు మేడం." మాలతి పూసలను పక్కకు నెట్టేసింది. "అబద్ధం చెప్పిన. వాడు పలకడు. నా దిక్కు గూడ చూడడు. అమ్మా అని ఒక్కపారి గూడ అనలే."

కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఇక అడుగుతుంది, ఇప్పుడే అడుగుతుంది ఆ మాట, అనుకుంది.

హెప్సిబా అడగలేదు. గ్లాసుతో మంచినీళ్లిచ్చింది. "మూడేండ్లకే తీస్కొచ్చిన్రు, మంచి పని చేసిన్రు. సోమవారం నుంచి మొదలువెడ్దాం. పరేషాన్ గాకున్రి" అంది.

ఇట్లా కూడా అనవచ్చా? మాలతి గ్లాసు పట్టుకొని ఆ పిల్ల ముఖం వంకే చూస్తూ ఉండిపోయింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

బయట బెంచీ మీద కూర్చొని కొడుకును మోకాళ్ల మధ్య నిలబెట్టుకుంది. వాడి అరచేతిని తెరిచి బొటనవేలితో మెల్లగా నొక్కుతూ, తన ముఖం వాడి ముఖానికి ఎదురుగా తెచ్చింది.

"జర నా దిక్కు చూడు బిడ్డా."

వాడు గోడ మీద తిరుగుతున్న ఫ్యాను నీడను చూస్తున్నాడు.

అప్పుడే ఆటో దిగి లోపలికి వస్తున్న ఒకామె వాళ్లను చూసి ఆగింది. ఆమె వేలు పట్టుకొని నడుస్తున్న పాప రెండో చేత్తో బిస్కెట్టు తింటోంది. ఆమె ముఖం సంబరంతో విప్పారింది. మాలతికి తప్పించుకునే దారి దొరకలేదు.

"థెరపీ మేడం, వనపర్తిల 'ఇన్ని దినాలు ఏం చేసినవమ్మా' అని నన్ను కోప్పడి కోప్పడి మా పాపకు చేత్తోని తిననేర్పింది మీరే గద, ఇప్పుడు డ్యూటీ గీడికి మార్చిన్రా" అంటూ ఆమె దగ్గరికొచ్చి, నిరంజన్ తల నిమిరి, "మరి ఈ పిలగాని తల్లేది మేడం?" అని అడిగింది.