నలభై ఒకటో గింజ

“మళ్ళీ అదే. దారి మూసుకుంది,” అంది బుబుసారా. గుడ్డ మీది చిక్కుడు గింజల్ని చేత్తో ఒక్క తోపు తోసింది. పొద్దుట్నించి ఇది మూడోసారి.

ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ ఆ నలభై ఒక్క గింజలతోనే జోస్యం చెబుతోంది. ఎవరి గుర్రం తప్పిపోయినా, ఎవరి పిల్లకి సంబంధం కుదరకపోయినా అవే దారి చూపించాయి. ఇప్పుడు సొంత ఇంటి సంగతి అడిగితే మొండికేస్తున్నాయి.

పక్కింటి కనిషా టీ ఊదుకుంటూ నవ్వింది. “ఎవరి జోస్యం వాళ్ళు వేసుకోకూడదని మాకందరికీ చెప్పేది నువ్వే కదక్కా.”

“నాకు నేనెక్కడ వేసుకున్నాను? జీబెక్ వస్తుందా రాదా అని అడిగాను. అది దాని జోస్యం.”

“రావాలన్న ఆత్రం ఎవరిది మరి?”

బుబుసారాకి ఒళ్ళు మండింది. నాలుగు రోజుల కిందట చుట్టాల ముందు ‘మా కోడలు చేసిన రొట్టెతో కొడితే తల పగులుతుంది’ అని నోరు జారింది. జీబెక్ బట్టలు సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. కొడుకు తలాయ్ రెండుసార్లు వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చాడు.

“నువ్వొచ్చి పిలిస్తేనే వస్తానంది కదమ్మా,” గుమ్మం దగ్గర నిలబడి గొణిగాడు తలాయ్.

“అత్తగారు కోడలి గడప తొక్కి బతిమాలుకోవాలా? ఈ లోయలో ఎక్కడన్నా ఉందిరా? పో, పోయి బండి తుడుచుకో.”

అతను పెరట్లోకి పోయాడు. ఇల్లు బోసిగా ఉంది. నాలుగు రోజులుగా పొయ్యి దగ్గర జీబెక్ పాట లేదు. బుబుసారా దాన్ని పైకి ఒప్పుకోదు.

గింజల్ని తిట్టడానికీ వీల్లేదు. మూడు కుప్పలు చేసి, ఒక్కో కుప్పలోంచి నాలుగేసి తీసేస్తూ పోగా చివర మిగిలే ఒకటో రెండో మూడో నాలుగో గింజలే మొదటి వరస. గింజలు నలభై ఒకటీ ఉంటే ఆ వరసలో ఐదో తొమ్మిదో తప్ప ఇంకో లెక్క రాదు. ఈ మూడుసార్లూ సరిగ్గానే పడ్డాయి. ఐదు, తొమ్మిది, ఐదు.

“ఇంకొక్కసారి,” అంది బుబుసారా.

“నువ్వు అలిసిపోతావు గానీ అవి అలిసిపోవు,” అని కనిషా టీ నింపుకోవడానికి లేచింది.

ఆమె తిరిగొచ్చేసరికి బుబుసారా గుడ్డ వంక గుడ్లప్పగించి చూస్తోంది.

“ఎనిమిది పడింది.”

“ఎనిమిదెలా పడుతుందక్కా?”

ఇద్దరూ కూర్చుని ఒక్కో గింజా పక్కన పెడుతూ లెక్కపెట్టారు. నలభై ఉన్నాయి.

“ఆ జీబెకే పట్టుకుపోయింది,” బుబుసారా గొంతు లేచింది. “నా మీద కసితో గింజ ఎత్తుకుపోయింది.”

“ఇందాకటిదాకా బాగానే పడ్డాయి కదా...”

“నువ్వూరుకో.”

“పోనీ, కొట్లోంచి ఇంకో గింజ తెచ్చి కలుపు.”

“మా అమ్మమ్మ ఇచ్చిన గింజలివి. బయటి గింజ కలిస్తే ఇవి నోరు విప్పవు. ఒరేయ్ తలాయ్, బండి తియ్యి.”

ఆమె గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుని గబగబా బయల్దేరింది. రెండడుగులు వేసేసరికి ఎడమ కాలు కుంటింది.

“కాలికేమైందమ్మా?”

“వయసైంది. నడు.”

అరగంటలో వియ్యాలవారి ఊరు వచ్చింది. గేటు తీసింది జీబెక్కే. అత్తగారిని చూసి ఆమె కళ్ళు మెరిశాయి.

“అత్తయ్యా, మీరా? రండి, బూట్లు విప్పి లోపల కూర్చోండి. టీ పెడతాను.”

“టీకి రాలేదు. నా గింజ నాకిచ్చెయ్.”

“ఏ గింజ?”

“నలభై ఒకటోది. నువ్వు తీసుకొచ్చింది.”

జీబెక్ మొహం వాడిపోయింది. “నేను తీయలేదు. దానికోసమేనా వచ్చింది?”

“మరి దేనికొస్తాను?”

“అయితే ఇక్కడ లేదు.”

“ఇక్కడ లేకపోతే ఇంట్లోనే ఉండుంటుంది. నువ్వు ఊడ్చే మూలలు నాకేం తెలుస్తాయి? వచ్చి వెతుకు.”

జీబెక్ లోపలికి వెళ్ళిపోయింది. బుబుసారా ఎడమ కాలి మీది బరువు కుడి కాలి మీదికి మార్చుకుంది. అంతా చెడిందనుకుంది. పాడు నోరు, నాలుగు రోజుల నాడూ ఇంతే చేసింది.

కాసేపటికి జీబెక్ తను చేసిన రొట్టె పట్టుకుని వచ్చింది. గడప దాకా వచ్చినవాళ్ళు రొట్టె రుచి చూడకుండా పోకూడదు. ఆ మర్యాద ఎంత కోపంలోనూ ఎవరూ తప్పరు. బుబుసారా వేలెడంత తుంచుకుంది. నమిలింది. ఇంకో ముక్క పెద్దది తుంచుకుంది.

“బాగా పొంగింది,” అంది ఎటో చూస్తూ.

జీబెక్ కాసేపు ఆమె వంకే చూసింది. లోపలికి వెళ్ళి శాలువా కప్పుకుని, బట్టల సంచి తీసుకుని వచ్చింది.

ఇంటికి చేరగానే బుబుసారా గుమ్మం పక్క బల్ల మీద కూలబడింది. జీబెక్ అలవాటు కొద్దీ మోకాళ్ళ మీద కూర్చుని అత్తగారి ఎడమ బూటు లాగింది.

“వద్దు, నేను విప్పుకుంటా...” అనేలోపే బూటు చేతిలోకి వచ్చేసింది. అందులోంచి ఓ చిక్కుడు గింజ దొర్లి జీబెక్ మోకాలి దగ్గర ఆగింది.

బుబుసారా తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

“గింజ దొరికిందా?” పెరట్లోంచి కేకేశాడు తలాయ్.

జీబెక్ గుప్పిట మూసింది.

“లేదు,” అంది గట్టిగా. “ఇప్పట్లో దొరికేలా లేదు. నేనిక్కడే ఉండి చాలా రోజులు వెతకాలి.”