చాలు అనని అతిథి

తర్ఫా కత్తి జిన్ను మెడలో ఒక పక్క దూరి రెండో పక్క బయటికి వచ్చింది. కొంచెం పొగ లేచింది. తల మాత్రం ఉన్నచోటే ఉంది.

"అయిందా?" అన్నాడు జిన్ను. "అటువైపు నుంచి కూడా ఒక వేటు వెయ్యమ్మాయ్. పొద్దుటి నుంచి మెడ దురదగా ఉంది."

తర్ఫా మళ్లీ కత్తి ఎత్తింది. దారిదోపిడీగాళ్లు ఆ కత్తి మెరుపు చూస్తే ఒంటెల్ని వదిలేసి పరుగెత్తేవారు. బయట ఇసుక తుఫాను గుడారాన్ని గుంజుతోంది. లోపల తెర వెనక తల్లి ఫిద్దా జ్వరంతో పడి ఉంది. ఆ కత్తి పట్టడం తర్ఫాకు నేర్పింది ఆమే.

"నాకు మీతో పేచీ లేదు. మీ అమ్మ ఊపిరి తీసుకుని వెళ్లిపోతాను," అన్నాడు జిన్ను.

"మా అమ్మ రాదు."

"అందరూ ఆ మాటే అంటారు."

అప్పుడు చెల్లెలు హుస్సా అక్కను పక్కకు నెట్టింది. "సిగ్గులేదా అక్కా? గుమ్మంలోకి వచ్చినవాణ్ణి నరుకుతావా? నలుగురూ వింటే ఏమంటారు? రండి, కూర్చోండి. కాఫీ తాగాక మాట్లాడుకుందాం."

జిన్ను కాస్త తటపటాయించి నిప్పు పక్కన కూర్చున్నాడు. కాళ్లు ఉండాల్సిన చోట పొగ ఉంది. దాన్నే మడుచుకున్నాడు.

"నీకేమైనా పిచ్చా?" అంది తర్ఫా, పళ్ల మధ్య నుంచి.

"కాఫీ తాగుతున్న అతిథి ఆ ఇంటివాళ్ల మీద చెయ్యి వెయ్యడు. మనిషైనా జిన్నైనా అంతే," హుస్సా చెవిలో చెప్పింది. "తాగినవాళ్లు గిన్నె అటూ ఇటూ ఊపితేనే చాలని అర్థం. ఊపకపోతే మనం పోస్తూనే ఉండాలి. అది మన పసిపిల్లలకు కూడా తెలుసు. పొగకేం తెలుస్తుంది?"

నిజంగానే తెలియలేదు. జిన్ను తాగాడు, గిన్నె చాచాడు. హుస్సా పోసింది. మళ్లీ తాగాడు, మళ్లీ చాచాడు.

"హుస్సా!" తెర వెనక నుంచి గొంతు. "యాలకులు మళ్లీ తగ్గించావా? వాసన ఇక్కడిదాకా రావడం లేదు. నా చావుకి కూడా పిసినారితనమేనా?"

"వేశానమ్మా."

"వేశావులే. ఒక్క గింజ చూపించి డబ్బాలో పెట్టేసి ఉంటావు."

జిన్ను కిసుక్కున నవ్వాడు. గుడారమంతా పొగ అయింది.

పొద్దు వాలేసరికి కాఫీ గింజలు అయిపోయాయి. హుస్సా ఖర్జూరం గింజలు వేయించి దంచింది. పొయ్యిలోకి పుల్లలు అయిపోయాయి. తర్ఫా మగ్గం విరిచింది. తెల్లవారాక తల్లి పెళ్లినాడు ఒంటె మీద ఎక్కి వచ్చిన కొయ్య అంబారీని బయటికి లాగింది. గొడ్డలి ఎత్తి, కాసేపు అలాగే నిలబడి, తర్వాత నరికింది.

"అది నా అంబారీయే కదూ?" అంది తల్లి. "చప్పుడు తెలుస్తోంది."

తర్ఫా ఆ ముక్కల్ని పొయ్యిలోకి తోసింది.

"పోనీలే. దాంట్లో కూర్చుంటే నడుం పడిపోయేది."

నీళ్లు తగ్గాయి. తర్ఫా నడుముకి తాడు కట్టుకుని, తోలుతిత్తి భుజాన వేసుకుని తుఫానులోకి వెళ్లింది. చాలాసేపటికి హుస్సా తాడు పట్టి లాగితే పాక్కుంటూ వచ్చింది. కళ్ల నిండా ఇసుక. తిత్తి ఖాళీ.

"బావి కనిపించలేదు. ఇసుక పూడ్చేసింది," అంది. ఆ తర్వాత గుడారం గుంజకి ఆనుకుని కూర్చుండిపోయింది. కత్తి ఎక్కడ పడేసిందో కూడా చూసుకోలేదు.

హుస్సా పాత తిత్తిని కూజాలోకి పిండింది.

"మీరిద్దరూ ఏం తాగారే?" అంది తల్లి.

"తాగామమ్మా."

"పెదవులు అతుక్కుపోయి మాట్లాడుతున్నారు. తాగారట!"

హుస్సా పోసింది. జిన్ను తాగాడు. గిన్నె చాచాడు. పోసింది. కూజా మూతి నుంచి చివరి చుక్క జారి పడింది. జిన్ను ఆ చుక్కా తాగి గిన్నె చాచాడు.

హుస్సాకి ఏం చెయ్యాలో తోచలేదు. ఖాళీ కూజానే వంచింది. జిన్ను ఖాళీ గిన్నెను నోటి దగ్గర పెట్టుకున్నాడు. కాలుతున్నట్టు ఊదుకున్నాడు. మెల్లగా, గుటక గుటకగా తాగాడు. మళ్లీ చాచాడు.

హుస్సా అతని ముఖంలోకి చూసింది. "మీకు తెలుసా?"

"ఏమిటి, గిన్నె ఊపడమా?" అన్నాడు జిన్ను, గొంతు తగ్గించి. "మీ తాత గుడారంలో తాగానమ్మాయ్. ఆయన తాత గుడారంలోనూ తాగాను. తెలియకుండా ఎలా ఉంటుంది?"

"మరి ఎందుకు ఊపలేదు?"

"నేను ఎక్కడా ఊపలేదు. ఎప్పుడూ."

"అయితే ఇంకా పోస్తాను," అంది హుస్సా. ఖాళీ కూజా వంచింది. వంచిన చెయ్యి వంచినట్టే ఉంచి ఏడ్చింది. తర్ఫా లేచి వచ్చి ఆ కూజా అడుగున తన చెయ్యి కూడా పట్టింది.

తెర కదిలింది. ఎముకలు తేలిన చెయ్యి ఒకటి బయటికి వచ్చింది.

"రెండు రోజులుగా ఊరించి చంపుతున్నారు. ఏదీ, ఇలా ఇవ్వండి," అంది ఫిద్దా.

జిన్ను వెంటనే ఇవ్వలేదు. ఆమె చెయ్యి దించలేదు. చివరికి తల వంచుకుని గిన్నె ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ఖాళీ గిన్నెను పెదవులకు ఆనించుకుంది. కూతుళ్లిద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది.

"ఇవాళ యాలకులు సరిపోయాయే, హుస్సా," అని, గిన్నెను అటూ ఇటూ ఊపింది.