పేర్రాజు గారి ఆఖరి గడి

బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకు వేసే లెక్కలు ఇళ్ళల్లో మనుషులకూ వేయడం మొదలయ్యాక, కాకినాడలో ఇంటి గోడమీది స్కోరుబోర్డు చూడందే ఎవరూ భోజనం ముగించడం లేదు.

ఆ ఆదివారం వియ్యాలవారు మొదటిసారి భోజనానికొచ్చారు. తిన్నాక వాళ్ళు చేతులు కడుక్కుంటుండగా పేర్రాజు మీసం సవరించుకుంటూ బోర్డు చూశాడు. వడ్డించింది తనే కాబట్టి పాయింట్లు ఇరవై ఎనిమిదీ తనవే. వండి అందించిన భార్య అమ్మాజీకి అసిస్టులు, అంటే పక్కవాళ్ళ పాయింటుకు సాయపడ్డ లెక్క. మూల కుర్చీలో తమలపాకులు తుడుస్తున్న తల్లి నూకరత్నానికి అన్నీ సున్నాలు.

"చూశావా?" అన్నాడు.

"ఆఖరి గడి కూడా చూడండి," అంది అమ్మాజీ.

మనిషి గదిలో ఉంటే నవ్వులు పెరిగాయా, తగ్గాయా అని చెప్పే గడి అది. నూకరత్నానికి ప్లస్ ముప్ఫై ఒకటి. పేర్రాజుకు మైనస్ పందొమ్మిది.

"నేనేం చేశానే?"

"అన్నయ్యగారు వద్దని చెయ్యి అడ్డం పెడితే, చేతిమీదే వేశారండి గుత్తొంకాయ!"

"మర్యాదే అది!"

"కాజాలు మేం పెడతాంలే. నువ్వు కాసేపు మేడమీదికెళ్ళరా," అంది నూకరత్నం.

పేర్రాజు మూతి ముడుచుకుని వెళ్ళాడు. కాసేపటికి కిందనుంచి వియ్యంకుడి నవ్వు వినిపించింది. జేబులో ఫోన్‌కి బోర్డు నుంచి కబురొచ్చింది. "పేర్రాజు: అసిస్టు ఒకటి."

జన్మలో మొదటిది! అందరికీ చూపిద్దామని గబగబా నాలుగు మెట్లు దిగాడు. ఆ అసిస్టు దేనికొచ్చిందో తట్టి, ఐదో మెట్టుమీద బుద్ధిగా కూర్చున్నాడు.