ఆరువేళ్ల దానమ్మ

ఆరోన్ స్కెచ్ పెన్ను మూత మూడోసారి తీశాడు. బల్ల మీద పరిచిన చార్టులో ఒక చదరం, పక్కనే ఒక సున్నా. చదరం తను. సున్నా ఫెబా. ఆ రెండింటినీ కలుపుతూ ఒక్క గీత గీయడానికి అతను ఏడాదిన్నరగా ధైర్యం కూడగట్టుకుంటున్నాడు.

నాచారంలోని క్రైస్తవ సెమినరీలో ఇద్దరూ వివాహ, కుటుంబ కౌన్సెలింగ్ ఎం.ఏ. చదువుతున్నారు. ఊళ్లో వాళ్ల కాపురాలు నిలబెట్టే చదువన్నమాట. ఈ నెల పాఠం జెనోగ్రామ్. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి తిన్నని గీత, పోట్లాటకు వంకర గీత పెట్టి, ముత్తవ్వల దాకా చుట్టరికమంతా చార్టుకెక్కించాలి. జంటలుగా కూర్చుని ఇద్దరి వంశాలూ ఒకే చార్టు మీద గీయాలి. వారానికో జంట మారుతుంది. ఈ వారం ఫెబాతో ఆరోన్ వంతు.

"సలహాలిచ్చుడు లేదు, బైబిలు వాక్యాలు జెప్పుడు లేదు. ఇనుడే," అని హెచ్చరించి జగన్మోహన్ సార్ టీ తాగడానికి వెళ్లారు.

ఆరోన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఫెబా, నలభై రోజులు ఉపవాసముండి ప్రార్థన జేసిన. దేవుడు నాతోని మాట్లాడిండు. నువ్వే అన్నడు. ఆదివారం మా అమ్మ మీ ఇంటికొస్తది."

ఆ నలభై రోజులూ అతను మానింది పొద్దుటి టిఫిను మాత్రమే. అయినా ఉపవాసం ఉపవాసమే. సెమినరీలో అబ్బాయిని కాదనొచ్చు గానీ దేవుని చిత్తాన్ని కాదనేదెవరు? కాదంటే విశ్వాసం లేదంటారు.

ఫెబా కళ్లు మూసుకుంది. ఒక నిమిషం గడిచింది. ప్రార్థన చేసుకుంటోందని ఆరోన్ మురిసిపోయాడు.

"దేవుని చిత్తమైతే మంచిదేనాయె," అంది కళ్లు తెరిచి. "ముందు క్లాసు పని గానియ్. మీ అమ్మమ్మది ఏ ఊరు?"

"జనగామ."

"ఆమె తల్లి పేరేంది?"

ఆరోన్‌కు తెలీదు. ఉప్పల్‌లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"నాకేమెర్క బిడ్డా? మా అమ్మకు మూడేండ్లప్పుడే ఆమె సచ్చిపాయె. మా అమ్మ మిషన్ హాస్టల్ల పెరిగింది," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఫెబా చేతిలో పెన్సిల్ కింద పడింది.

"అయ్యో దేవా! మా ముత్తవ్వ దానమ్మది గూడ జనగామనే! ఎడమ చేతికి ఆరు వేళ్లు. కలరాల పోయింది. ఇద్దరాడపిల్లలు. చిన్నబిడ్డ మా అమ్మమ్మ. పెద్దబిడ్డను మిషన్ హాస్టల్ల ఏసిండ్రంట, మళ్ల జాడ లేదు!"

ఆరోన్ పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "అంటే... మన అమ్మమ్మలు అక్కచెల్లెండ్లా?"

"మన అమ్మలు గూడ అక్కచెల్లెండ్లే. మరి మనమేమైతం?"

అన్నాచెల్లెళ్లు. ఎటు తిప్పి చూసినా అంతే. వరుస కలవదని తెలిస్తే ఆదివారం ఆరోన్ వాళ్లమ్మ గడప కూడా దాటదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది పాపం.

ఫెబా అతని పెన్ను తీసుకుని, చార్టు పైన గుండ్రటి అక్షరాలతో 'ఆరువేళ్ల దానమ్మ, జనగామ, కలరా' అని రాసింది.

"దేవుడు నీతోని మాట్లాడింది నిజమే అన్నా," అంది మెత్తగా. "చెల్లెను సూపెట్టిండు. నువ్వే వేరే తీరుగ అర్థం జేస్కున్నవ్."

ఆరోన్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మళ్లీ ఉపవాసం పట్టాడు కాబోలని హాస్టల్ వాళ్లు ఎవరూ పలకరించలేదు. మూడో రోజు కళ్లు తుడుచుకుని లేచాడు. భర్త కాలేకపోయినా నికార్సైన అన్నయ్యనవుతానని తీర్మానించుకున్నాడు. ఆ సాయంత్రమే చెల్లెలి సంచి మోస్తూ బస్టాపు దాకా దిగబెట్టాడు.

మర్నాడు చాపెల్‌లో ఓ దృశ్యం అతని కంట పడింది. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే, ఖమ్మం కుర్రాడు తేజేష్ ఒక్కడే కళ్లు తెరిచి ఫెబా వైపు దిగులుగా చూస్తున్నాడు. పోయిన వారం ఆమెతో జంటగా కూర్చున్నది వాడే. అన్నగారి నెత్తురు మరిగింది. ఆమెన్ అనగానే వాణ్ని వరండాలోకి లాగాడు.

"ఏందిరా, మా చెల్లె దిక్కు సూస్తున్నవ్?"

"నీ చెల్లెనా?" తేజేష్ ముక్కు చీదాడు. "నాకు పిన్ని అయితది రా. నాకు గూడ పోయిన వారమే తెల్సింది."

వాడు సంచిలోంచి పోయిన వారం చార్టు తీసి గోడకు ఆనించి పరిచాడు.

పైన గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: 'ఆరువేళ్ల దానమ్మ, ఖమ్మం, కలరా.'