మధ్యాహ్నపు గడియ

"సార్! జర తలుపు తీయుండ్రి. దమ్మాడుతలేదు!"

కోరుట్లలో దశరథం డాక్టరు గది తలుపును వజ్రమ్మ అరచేత్తో దబదబా బాదింది.

తలుపు తెరుచుకోలేదు. లోపలి నుంచి ఆయన గొంతు మాత్రం వినిపించింది.

"వజ్రక్కా, పంపు పీల్చి జర కూసో. ఇప్పుడే వస్త."

బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

లోపల ఎవరున్నారో అందరికీ తెలుసు. కొంతకాలంగా రోజూ మధ్యాహ్నం స్కూటీ మీద ఒకామె వస్తోంది. చీటీ రాయించుకోదు. వరుసలో కూర్చోదు. తల వంచుకుని నేరుగా లోపలికి పోతుంది. గడియ పడుతుంది. మళ్ళీ తెరుచుకునేసరికి అరగంట దాటుతుంది.

డాక్టరు భార్య పోయి చాలా ఏళ్ళయింది.

వజ్రమ్మది బీడీల బతుకు. తంబాకు దుమ్ముకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇది పోయే రోగం కాదని మొదటిరోజే చెప్పినవాడు దశరథం డాక్టరు. దానితో ఎలా బతకాలో నేర్పినవాడూ ఆయనే. ఆ పంపు, అంటే ఇన్‌హేలర్, పీల్చడం చేతకాక ఆమె విసిరికొడితే, ఏరుకొచ్చి, పక్కన కూర్చుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. వరికోతలు మొదలైతే ఫోన్ చేసేవాడు.

"అక్కా, దుమ్ము లేస్తది. మూతికి బట్ట కట్టుకో. పంపు ఇంట్ల మర్చిపోకు."

తోడబుట్టినవాళ్ళు కూడా ఆమె బాగోగులు అంతగా అడిగింది లేదు. అందుకేనేమో, ఆ మధ్యాహ్నం ఆమెకు అంత కోపం వచ్చింది.

పంపు పీల్చాక ఊపిరి కాస్త కుదుటపడింది. కుదుటపడగానే నోరు లేచింది.

"మనం గిక్కడ దగ్గుకుంట సావాలె. గాళ్ళు లోపల గడియ పెట్టుకోవాలె! గీ వయసుల గిదేం పోయేకాలం?"

"మెల్లగ అనవే, వింటరు," పక్కనున్న మంజుల ఆమె కొంగు లాగింది.

"విననీ! గామె మెడల పుస్తెలు లేవా? మొగడు లేడా? సిగ్గుండద్దా?"

గడియ తీసిన చప్పుడైంది. స్కూటీ ఆమె బయటికి వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. స్కూటీ తాళం చేతిలోంచి జారి కిందపడితే తీసుకుని వెళ్ళిపోయింది.

"రా అక్కా," అన్నాడు డాక్టరు, ఎప్పటిలాగే. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. ఆ మాటల గురించి ఒక్క ముక్క ఎత్తలేదు.

వజ్రమ్మ మాత్రం ఊరుకోలేదు. బీడీలు చుట్టే వాడకట్టంతా చెప్పింది. చాటల ముందు కూర్చున్నవాళ్ళు తలా ఇంత కలిపారు.

ఆ స్కూటీ ఆమె రావడం మానేసింది.

"ఇగ మధ్యాహ్నం గూడ చూస్త అక్కా. తలుపు తీసే ఉంటది," అన్నాడు డాక్టరు.

"నేను లొల్లి చేస్తెనే దారిలకచ్చిండు," అని వజ్రమ్మ నలుగురిలో గొప్పగా చెప్పుకుంది.

కొన్నాళ్ళకు డాక్టరు ముఖం ఉబ్బినట్టు కనిపించింది.

"పానం మంచిగలేదా సార్?"

"నాకేంది అక్కా! నువ్వు పొద్దుమాపు పంపు పీలుస్తున్నవా లేదా, ముందుగాల గది చెప్పు."

తర్వాత ఒక సోమవారం షట్టరు లేవలేదు. ఆ వారం గడవకముందే డాక్టరు పోయాడని తెలిసింది. గుండెపోటన్నారు కొందరు. చేసుకున్నది అనుభవించాడన్నారు ఇంకొందరు.

వజ్రమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. కానీ ఆ మాట అన్నవాళ్ళను కాదనలేదు.

ఆ ఏడు వరికోతలకు ఆమెకు ఎవరూ ఫోన్ చేయలేదు. పంపులో మందు ఎప్పుడో అయిపోయింది. పెదాలు నల్లబడుతుంటే ఇరుగుపొరుగువాళ్ళే ఆటోలో వేసుకుని జగిత్యాల తీసుకుపోయారు.

ఆస్పత్రిలో ఒక నర్సు ఆమె తల నెమ్మదిగా ఎత్తి, ముక్కుకు మాస్కు పెట్టింది. ఊపిరి అందాక వజ్రమ్మ కళ్ళు తెరిచి చూసింది. మాస్కు పక్కకు లాగేసింది.

"నువ్వు... దశరథం సార్ కాడికచ్చేటామెవు గదా?"

నర్సు ఆమెను గుర్తుపట్టలేదు.

"అవునమ్మా. నా పేరు అలేఖ్య. సార్ మీకు తెలుసా?"

"ఎందుకు మానేసినవ్ బిడ్డా?"

"సారే రావద్దన్నడు. బయట ఎవరో నన్ను పాడు మాటలన్నరు. గా మాట ఊరంత తిరిగి మా ఇంటిదాకచ్చింది. ఇంట్ల గొడవలై ఇగ జగిత్యాలకచ్చిన. గా మాటలన్నదెవరని సార్‌ను ఎన్నిసార్లో అడిగిన. పేరు చెప్పలే. 'దమ్మాడని మనిషి అలేఖ్యా, మనసుల పెట్టుకోకు' అన్నడు."

వజ్రమ్మ చూపు తిప్పుకుంది.

"మరి... గడియ పెట్టుకొని లోపల..."

అలేఖ్య మాస్కును మళ్ళీ ఆమె ముఖానికి సర్దింది.

"సార్‌కు రెండు కిడ్నీలు ఖరాబైనయమ్మా, మీరంత అధైర్యపడ్తరని ఎవ్వలకు చెప్పలే; కడుపుల పెట్టిన పైపుకెల్లి డయాలసిస్ మందునీళ్ళు మార్చెటందుకే నేనచ్చేది, నేను రాకపోయేసరికి చూపు సరిగ ఆనకున్నా తనే మార్చుకోబోయిండు, లోపల చీము పట్టి పానం పోయింది."